మాట్లాడినవారి పేర్లు

దయామణి టీచరుగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాంలే అమ్మా" అంటారు. అడిగినవాళ్ళు అడిగిన సంగతి మరిచిపోయాక, వారానికో నెలకో, ఏదో ఒక చిన్న సంఘటన ముందు మనల్ని నిలబెట్టి తన దారిన తాను వెళ్ళిపోతారు. జవాబు అందులో ఉంటుంది. వెతుక్కోవడం మన పని. ఆవిడతో కలిసి పనిచేసిన మాకందరికీ ఈ అలవాటు మీద కొంచెం కోపం ఉంది. గౌరవం అంతకంటే చాలా ఎక్కువ ఉంది.

కిరణ్మయి అడిగిన ప్రశ్న మేమందరం ఎప్పుడో ఒకప్పుడు మనసులో అనుకున్నదే. పైకి అడిగే ధైర్యం మాత్రం ఆ పిల్లకే వచ్చింది.

"టీచర్, మీ గదిలో ఇంత గోల ఎందుకు ఉండనిస్తారు?"

బడి విజయవాడ శివారులో, బైపాసు దాటాక ఉంది. చుట్టూ సగం పొలాలు, సగం అపార్ట్‌మెంట్లు. ఏటేటా పొలాలు తగ్గుతున్నాయి, అపార్ట్‌మెంట్లు పెరుగుతున్నాయి, బడికి మాత్రం ఎప్పుడూ అవే రెండు తరగతి గదులు. ఒకటీ రెండూ తరగతులు హెడ్మిస్ట్రెస్ దయామణి టీచరుగారివి. మూడూ నాలుగూ ఐదూ కలిపి ఒకే గదిలో కిరణ్మయివి. ఆమెకి ఉద్యోగం కొత్త, జూన్‌లోనే చేరింది. చిన్నప్పుడు వేరే ఊళ్ళో తనకి అక్షరాలు దిద్దించిన టీచరు ఇక్కడ ఉన్నారని తెలిసి, కోరి ఈ బడి ఎంచుకుని వచ్చింది. గురువు దగ్గరే పని నేర్చుకోవాలని ఆమె ఆశ.

తీరా వచ్చి చూస్తే గురువుగారి గది కూరగాయల సంతలా ఉంది. ఒకడు ఎక్కాలు అరుస్తుంటాడు, ఒకతె పక్కదానికి కథ చెబుతుంటుంది, ఇద్దరు పలక కోసం పోట్లాడుకుంటుంటారు. వాళ్ళ మధ్య ఆవిడ కింద చాప మీద కూర్చుని, ఎవడో ఒకడి చెయ్యి పట్టుకుని దిద్దిస్తుంటారు. కిరణ్మయి గది ఇందుకు పూర్తిగా వేరు. మొదటిరోజే పెదాల మీద వేలుపెట్టి "నా క్లాసులో మాటలుండవు" అని చెప్పింది. ముప్ఫైఅయిదు మంది పిల్లలు ఆ మాట విన్నారు. ఆ గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించేది. తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలో నిలబడి తలాడించి, రిజిస్టరులో మంచి మాట రాసి వెళ్ళారు. కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు తనకి ఉందని కిరణ్మయి అనుకుంది. నేనైనా అలాగే అనుకుందును.

"చూద్దాంలే అమ్మా" అన్నారు దయామణి టీచరుగారు.

ఇక్కడ మన బడుల పద్ధతి ఒకటి గుర్తుచేయాలి. టీచరు బయటికి వెళ్తే క్లాసు లీడరు సుద్దముక్క అందుకుంటుంది. బోర్డు మీద 'మాట్లాడినవారు' అని రాసి, కింద గీత గీసి, నోరు మెదిపినవాళ్ళ పేర్లు వరసగా ఎక్కిస్తుంది. ఆపమన్నా ఆపకపోతే పేరు పక్కన ఒక ఇంటూ గుర్తు. టీచరు తిరిగొచ్చి ఆ పట్టిక చూసి శిక్షలు వేస్తారు. చదువుతున్న మీరూ ఎప్పుడో ఆ సుద్దముక్క పట్టుకునే ఉంటారు, లేదా మీ పేరు రాయించుకునే ఉంటారు. కిరణ్మయి గదిలో మాత్రం జూన్ నుంచి ఆ పట్టిక రాసే అవసరం రాలేదు. ఎందుకంటే ఆమె గది దాటదు. ఆన్‌లైన్ పనులన్నీ అన్నం బెల్లులో చేసుకుంటుంది, టీ తాగడానికి కూడా బయటికి రాదు. ఐదో తరగతి రిజ్వానా ఆ క్లాసుకి లీడరు. చేతిలో అధికారం ఉండీ ఐదు నెలలుగా వాడుకునే వీలు లేక ఆ పిల్ల లోలోపల బాధపడుతుండేది.

జూలైలో ఆ గదిలోకి పైడితల్లి వచ్చింది. విజయనగరం వైపు పిల్ల. తండ్రి కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్, తల్లి అప్పలనరసమ్మ అక్కడే ఇటుకలు మోస్తుంది. పని ఎక్కడ దొరికితే అక్కడికి తిరిగే కుటుంబం కావడంతో ఎనిమిదేళ్ళొచ్చినా పిల్ల బడి మొహం చూడలేదు. వయసు లెక్కన మూడో తరగతిలో వేశారు. చెప్పినది రాస్తుంది, చూపినది చేస్తుంది, చూపంతా పాఠం మీదే. నోరు మాత్రం విప్పదు. పేరు అడిగితే నేలచూపులు చూస్తుంది. ఊరు అడిగినా అంతే. కిరణ్మయి బుజ్జగించింది, బిస్కెట్లు ఇచ్చింది, వైద్య శిబిరానికి తానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, డాక్టరు చూస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. చెవులు బాగానే ఉన్నాయన్నారు. మాట మాత్రం అక్కడా రాలేదు.

నవంబరు నాటికి కిరణ్మయి మనసు గట్టిచేసుకుంది. మాట రాని పిల్లల కోసం అరవై కిలోమీటర్ల అవతల ఒక హాస్టలు బడి ఉంది. అక్కడైతే పిల్లకి మంచి శిక్షణ దొరుకుతుంది. శనివారంలోగా దరఖాస్తు చేరాలి. తల్లిని పిలిపించి సంగతి చెప్పింది.

"మాటాడదేటమ్మా?" అంది అప్పలనరసమ్మ, నమ్మలేనట్టు. "ఇంటికాడ దాని నోరు ముయ్యడం మా వల్ల అవదు కదా."

కిరణ్మయి జాలిపడింది. ఇలాంటి బిడ్డల తల్లులందరూ మొదట ఇలాగే అంటారని ఆమె శిక్షణలో చదువుకుంది. ఒప్పుకోవడం కష్టం. అందుకని నెమ్మదిగా, ఓపికగా నచ్చజెప్పింది. అప్పలనరసమ్మ చాలాసేపు చీరచెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అంత దూరం అది ఒక్కర్తీ ఉండలేదమ్మా. రాత్రి నా సెయ్యి మీద తలెట్టుకుంటే గాని నిద్దరోదు. అయినా మీరు సదువుకున్నోరు, మీకన్నా నాకు తెలుసేటి" అని వేలిముద్ర వేసి, కళ్ళు తుడుచుకుని పనిలోకి వెళ్ళిపోయింది.

ఆ వేలిముద్ర ఎంత బరువైనదో కిరణ్మయికి అప్పుడు తెలియలేదు. తరవాత నాకు ఈ కథ చెప్పినప్పుడు ఆ మాట తానే అంది.

ఇక మిగిలింది హెడ్మిస్ట్రెస్ సంతకం. ఫారం బుధవారం ఆవిడ బల్ల మీదకి వెళ్ళింది. గురువారం అడిగితే "చూద్దాంలే అమ్మా" అన్నారు. శుక్రవారం పొద్దున్న మూడో పీరియడులో ఆవిడే కిరణ్మయి గది గుమ్మంలోకి వచ్చారు.

"ఒకసారి ఆఫీసు గదికి రా అమ్మా. కళ్ళజోడు తేవడం మరిచిపోయాను. ఆ ఫారం చదివి వినిపిస్తే సంతకం పెడతాను."

"మరి క్లాసు, టీచర్?"

"లీడరు ఉందిగా."

రిజ్వానా అప్పటికే లేచి నిలబడింది.

ఆఫీసు గది వరండా చివర, వంటషెడ్డు పక్కన ఉంటుంది. ఐదు నిమిషాల పనే అనుకుంది కిరణ్మయి. ఫారం నాలుగు పేజీలు. దయామణి టీచరుగారు ప్రతి గడి దగ్గరా ఆపారు. ఈ తేదీ ఎవరిచ్చారు, ఈ ఎత్తు ఎవరు కొలిచారు అని అడిగారు. మధ్యలో వంటమనిషిని కేకేసి రెండు టీలు తెప్పించారు. 'విద్యార్థికి మాట రాదు' అన్న వాక్యం దగ్గర మళ్ళీ ఆపారు.

"ఈ సంగతి ఎవరు చెప్పారమ్మా?"

"నేనే గమనించాను టీచర్. నాలుగు నెలలు."

"నువ్వు కాక?"

"ఇంకెవరు చెప్పాలి టీచర్?"

"అదే అడుగుతున్నా. సరే, చదువు" అన్నారు ఆవిడ, టీ ఊదుకుంటూ.

చదవడం అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. సంతకం మాత్రం కాలేదు. "అన్నం బెల్లు తరవాత పెడతాలే" అన్నారు. కిరణ్మయి విసుగు దిగమింగుకుని వరండాలోకి వచ్చింది. దూరం నుంచే తన గది గోల వినిపించింది. జూన్ నుంచి ఆ గదిలో వినపడని గోల. గబగబా నడిచి గుమ్మంలో అడుగుపెట్టేసరికి అంతా టక్కున ఆగిపోయింది. ముప్ఫైఆరు మందీ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

బోర్డు మీద 'మాట్లాడినవారు' అని ఉంది. దానికింద పదకొండు పేర్లు. మొట్టమొదటి పేరు పైడితల్లి. దాని పక్కన ఇంటూలు ఆరు.

కిరణ్మయి మొదట రిజ్వానా మీద మండిపడబోయింది. మాట రాని పిల్లని ఏడిపించడానికి ఇలా రాసిందనుకుంది.

"ఇదేంటి రిజ్వానా? ఎగతాళా?"

రిజ్వానా మొహం ఎర్రబడింది. "నేను అబద్ధం రాయలేదు టీచర్. ఆరుసార్లు ఆపమన్నా. కావాలంటే అందర్నీ అడగండి. అసలు మిగతావాళ్ళు మాట్లాడింది కూడా దానివల్లే."

"ఏం మాట్లాడింది?"

"వాళ్ళ అపార్ట్‌మెంటులో లిఫ్టు కోసం తవ్విన గోతిలో కుక్క పిల్లల్ని పెట్టిందంట. వాళ్ళ నాన్న బుట్ట కిందికి దించి ఒక్కోదాన్నీ పైకి తీశాడంట. అదంతా చెప్పింది. నేను సగమే విన్నా టీచర్, బోర్డు మీద రాసుకుంటూ."

కిరణ్మయి పిల్లలందరి వైపు తిరిగింది. "ఇవాళేనా మాట్లాడింది?"

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "ఇంటర్వెల్లో రోజూ మాట్లాడుద్ది టీచర్" అన్నాడు వెనక నుంచి ఒకడు. "పంపు దగ్గర. పాటలు కూడా పాడుద్ది."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కరైనా నాకు చెప్పలేదేం?"

రిజ్వానాయే, లీడరు కాబట్టి, లేచి చెప్పింది. "క్లాసులో మాట్లాడకూడదన్నారు కదా టీచర్."

ఆ ముప్ఫైఆరు మందిలో ముప్ఫైఅయిదు మందికి బడి సంగతులు తెలుసు. మాట్లాడొద్దని టీచరు అంటే, అడిగినప్పుడు తప్ప మాట్లాడొద్దని అర్థమని ఒకటో తరగతిలోనే నేర్చుకున్నారు. ఆ మినహాయింపు పైడితల్లికి ఎవరూ చెప్పలేదు. చేరినరోజు అది పక్కపిల్లని ఏదో అడగబోయింది, టీచరు పెదాల మీద వేలుపెట్టి చూపించింది. ఆ పిల్ల ఆ ఆజ్ఞని పూర్తిగా పాటించింది. పేరు అడిగినా పాటించింది, డాక్టరు దగ్గర టీచరు పక్కన ఉన్నంతసేపూ పాటించింది. ఆ గదిలో టీచరు మాట అక్షరాలా విన్న పిల్ల అదొక్కతే. దానికి బహుమతిగా అరవై కిలోమీటర్ల దూరం పంపబోతున్నారు.

కిరణ్మయికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే పట్టలేనంత సంతోషం కూడా వచ్చింది. వెళ్ళి పైడితల్లి పక్కన నేల మీద కూర్చుంది.

"కుక్కపిల్లలు ఎన్ని పుట్టాయమ్మా?"

పైడితల్లి ముందు టీచరు చేతివేలు ఎక్కడుందో చూసింది. తరవాత, చాలా చిన్నగా, "ఇప్పుడు మాటాడొచ్చేటి?" అని అడిగింది.

"మాట్లాడొచ్చు" అంది కిరణ్మయి.

నాలుగు పుట్టాయి. ఒకదానికి ముందుకాలు తెల్లగా ఉంటుంది. తల్లి దాన్ని దగ్గరికి రానివ్వదు, పాలు వీళ్ళమ్మే గుడ్డతో పట్టిస్తోంది. అక్కణ్ణించి కథ విజయనగరం వెళ్ళింది, అమ్మమ్మ మేకల దగ్గర ఆగింది, రైల్లో పోగొట్టుకున్న చెప్పు గురించి చెప్పింది. అన్నం బెల్లు కొట్టినా ఆగలేదు. రిజ్వానా ఒక్కతే అసంతృప్తిగా బోర్డు దగ్గర నిలబడి, "మరి వీళ్ళకి పనిష్మెంటు టీచర్?" అని రెండుసార్లు అడిగి, జవాబు రాకపోయేసరికి తానే డస్టరు తీసుకుని పేర్లు తుడిచేసింది.

సాయంత్రం కిరణ్మయి ఫారం పట్టుకుని అపార్ట్‌మెంటుకి వెళ్ళింది. తప్పు తనదేనని అప్పలనరసమ్మకి చెప్పి, వేలిముద్ర ఉన్న కాగితాన్ని ఆమె చేతికే ఇచ్చేసింది. అప్పలనరసమ్మ నవ్వుతూనే ఏడ్చింది. "సెప్పాను కదమ్మా" అని మాత్రం అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అని ఉంటే తాను తట్టుకోలేకపోయేదాన్నని కిరణ్మయి నాతో అంది.

మర్నాడు పొద్దున్న ఆమె దయామణి టీచరుగారి గదికి వెళ్ళింది. అక్కడ ఎప్పటి గోలే. గురువుగారి దగ్గరగా వెళ్ళి, గొంతు పెంచి అడగాల్సి వచ్చింది.

"మీకు ముందే తెలుసా టీచర్, ఆ పిల్ల మాట్లాడుతుందని?"

"నాకేం తెలుసమ్మా" అన్నారు ఆవిడ. "నా గది పిల్ల కాదుగా."

ఇంకేదో చెప్పబోతూ ఆవిడ ఆగారు. తల ఒకవైపు వంచి క్షణంసేపు విన్నారు. లేచి, ఎక్కాలు అరిచేవాణ్ణి దాటి, పలక కోసం కొట్టుకునేవాళ్ళని దాటి, కిటికీ కింద మూలన గోడకి ఆనుకుని కూర్చున్న ఒకటో తరగతి పిల్ల దగ్గరికి వెళ్ళారు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. ఎత్తుకుని భుజాన వేసుకుని, కొంగు కప్పారు.

కిరణ్మయి తెల్లబోయింది. తాను ఇంతసేపూ ఆ గదిలోనే నిలబడి ఉంది. ఆ పిల్లని చూడనే లేదు.

"ఇంత గోలలో మీకెలా తెలిసింది టీచర్?"

దయామణి టీచరుగారు పిల్ల వీపు నిమురుతూ అన్నారు, "రోజూ వినే గొంతు ఇవాళ లేదమ్మా."