మిగిలిన బోల్టుల డబ్బా

నూకరాజు మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. దసరాకి ఆయుధపూజ నాడు స్పానర్లకీ జాకీలకీ బొట్లు పెట్టాక, గూట్లో ఉన్న పాత రేకు డబ్బాకి కూడా ఒక బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేవాడు. అందులో ఉన్నవి పూజకి నోచుకునే వస్తువులేం కావు. బండి విప్పి మళ్ళీ బిగించాక చేతిలో మిగిలిపోయిన బోల్టులు, వాషర్లు, క్లిప్పులు. మెకానిక్ షెడ్డన్నాక ఎక్కడైనా అలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. ఒకటో రెండో మిగులుతాయి, అవి లేకుండానే బండి లక్షణంగా పరుగెడుతుంది, పనివాళ్ళు నవ్వుకుని డబ్బాలో పడేస్తారు. "కంపెనీవాడు కొసరేశాడు గురువుగారూ" అని శిష్యుడు తాతబ్బాయి ఎన్నిసార్లు అన్నాడో. మేస్త్రి ఆ మాటకి ఎప్పుడూ నవ్వలేదు, డబ్బా పారేయనూ లేదు.

తాతబ్బాయి ఆయన దగ్గర పదమూడేళ్ళు పనిచేశాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడని పిఠాపురం చుట్టుపక్కల పేరు తెచ్చుకున్నాడు. సామర్లకోటలో సొంత షెడ్డు వేసుకుని బోర్డు కూడా రాయించాడు. ముహూర్తం ఇంకా వారం ఉందనగా గురువు ముందు చేతులు కట్టుకుని, "నాకు ఇంకా నేర్పాల్సిందేమైనా ఉంటే చెప్పెయ్యండి" అని అడిగాడు. వినయంగానే అడిగాడు గాని, ఏమీ లేదనిపించుకోవాలనే అతని ఆశ.

అంతలో భీమశంకరం గారు కారు తీసుకొచ్చారు. ఆయన డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవారు. రెండు నెలల కిందట ఇదే షెడ్డులో రేడియేటర్ నీళ్ళ గొట్టం మార్పించుకున్న పాత పెట్రోలు కారే అది. పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్టవుతుందనీ, వేడెక్కాక ఆపితే మాత్రం అరగంట దాకా లేవదనీ, బయట ఎవరో చెబితే బ్యాటరీ మార్చినా గుణం లేదనీ చెప్పారు. తాతబ్బాయి తాళం తిప్పాడు. ఇంకా వేడెక్కని కారు వెంటనే అందుకుంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అందుకుంది.

"బండికి ఏ రోగమూ లేదండీ. మీ చేతిలోనే ఏదో తేడా ఉంది" అన్నాడు.

ఒకప్పుడు మూడొందల మంది పిల్లల్ని ఒక్క ఈలతో నిలబెట్టిన మనిషి తల దించుకున్నారు. "మా ఆవిడకి వారానికి మూడుసార్లు కాకినాడలో డయాలసిస్ బాబూ. మొన్న వచ్చేటప్పుడు ఎండలో ఆపాక మళ్ళీ లేవకపోతే ఎవరింటి అరుగు మీదో పడుకోబెట్టాను. ఇంక రానంటోంది. రోడ్డు మీద అందరి ముందూ అలా పడి ఉండేకంటే ఇంట్లోనే పోతానంటోంది. రేపొక్కసారికి బతిమాలి ఒప్పించాను" అన్నారు.

మేస్త్రి లేచి వచ్చాడు. "ఒరేయ్, రేపు వాళ్ళతో నువ్వెళ్ళు. వెనక సీట్లో కూర్చో. అది మొరాయించేదాకా దేని మీదా చెయ్యెయ్యకు" అన్నాడు. తాతబ్బాయికి చిన్నతనమనిపించింది గాని, గురువు మాట కాదనలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం తిరుగుదారిలో, పిఠాపురం బజారులో మందుల కొట్టు ముందు కారు ఆపారు. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరిగింది గాని అందుకోలేదు. ముందు సీట్లో మాస్టారి భార్య సుభద్రమ్మ గారు కళ్ళు మూసుకున్నారు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. "ఆయన్నేమీ అనకు నాయనా, ఆయన సరిగ్గానే తిప్పుతారు" అన్నారావిడ నీరసంగా. నిన్నటి తన మాట ఇంటిదాకా చేరిందని తాతబ్బాయికి అర్థమైంది. సిగ్గుతో అతని ముఖం మాడిపోయింది.

బానెట్ ఎత్తి, ఈసారి ముందు కళ్ళతో వెతికాడు. పెట్రోలు గొట్టం కిందికి జారి, పొగ బయటికి పోయే ఇనప గొట్టానికి ఆనుకుని ఉంది. బండి నడిచినంతసేపూ పెట్రోలు పారుతూ ఉంటుంది కాబట్టి ఆ సెగ దానికి అంటదు. ఆగితేనే నిలిచిన పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది. గొట్టాన్ని పైకి పట్టి ఉంచాల్సిన క్లిప్పు లేదు. దాని బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ కన్నం కనిపించింది. నీళ్ళ గొట్టం మార్చిన రోజు, భోజనానికి వెళ్ళే తొందరలో, మిగిలిన ఒక నల్ల క్లిప్పుని బోల్టుతో సహా డబ్బాలోకి విసిరిన చెయ్యి అతనికి గుర్తొచ్చింది. ఆ చెయ్యి తనదే.

తుండుగుడ్డ తడిపి పెట్రోలు గొట్టానికి చుట్టాడు. దాని మీద రెండు సీసాల నీళ్ళు పోశాక కారు అందుకుంది. గొట్టాన్ని తాడుతో పైకి కట్టి, వెనక సీట్లో ఎక్కి, "తప్పు నాదండీ, అమ్మగారూ" అన్నాడు. కారు బజారు దాటాక ఆవిడ, "అయితే గురువారం వెళ్దాం లెండి" అన్నారు భర్తతో. మాస్టారు స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసి కళ్ళు తుడుచుకున్నారు.

వాళ్ళని ఇంటి దగ్గర దింపి అదే కారులో షెడ్డుకి వచ్చాడు తాతబ్బాయి. నేరుగా గూటి దగ్గరికి వెళ్ళి డబ్బాని గోనె మీద బోర్లించాడు. నల్ల క్లిప్పు వెంటనే దొరికింది. బిగించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మేస్త్రి పక్కనే కూర్చుని, గోనె మీద ఒలికినవన్నీ ఒక్కొక్కటే ఏరి మళ్ళీ డబ్బాలో వేశాడు. తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయినవి ముందు వేసి, కొత్తవి పైన వేశాడు. మూత పెట్టి, డబ్బాని శిష్యుడి చేతుల్లో పెట్టాడు.

"సామర్లకోట పట్టుకెళ్ళు. అడుగున ఉన్నవి నావి" అన్నాడు. "ఇవి మిగిలిన బళ్ళన్నీ ఇక్కణ్ణుంచి లక్షణంగా స్టార్టయ్యే వెళ్ళాయిరా."