దస్తగిరి పథ్యం

ఇరవై ఆరేళ్ల వయసులో దస్తగిరికి కడుపు మాట వినడం మానేసింది. ప్రార్థనలో కూర్చుంటే మెలిపెట్టేది. నాలుగు రోజులు పరుగులు, ఆపైన మూడు రోజులు బిగదీసుకుపోవడం. కడపలో డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, "పుండు లేదు, పురుగు లేదు. ఏది పడుతుందో ఏది పడదో చూసుకుని తిను" అన్నాడు.

దస్తగిరి చూసుకోలేదు, భయపడ్డాడు. పాలు మానేశాడు, పప్పు మానేశాడు, ఆ తర్వాత కారం, గోధుమ, పండ్లు. చివరికి ఉప్పు గంజి మిగిలింది. జమాల్ బాబా ఆశ్రమంలో తోటి శిష్యులు అతన్ని చూసి, "ఎంత నిగ్రహం!" అనేవారు. ఆ మాట అతనికి లోలోపల బాగుండేది. అందరికీ దూరంగా, గోడవైపు తిరిగి కూర్చుని గంజి తాగేవాడు.

ఒకరోజు బాబాను అడిగాడు. "ఈ కడుపును ఎట్లా జయించాల బాబా?"

మర్నాడు మధ్యాహ్నం బాబా మెత్తటి అన్నంలో పల్చటి మజ్జిగ, చిటికెడు వేయించిన జీలకర్ర కలిపి, ఒకే పళ్లెంలో తెచ్చి అతని ఎదుట కూర్చున్నాడు. తానొక ముద్ద తిని, దస్తగిరి నమిలి మింగేదాకా ఆగి, అప్పుడు రెండో ముద్ద తీసుకున్నాడు. ఆనాటి నుంచి రోజూ అంతే.

వారం తర్వాత పళ్లెంలోకి సొరకాయ ముక్కలు వచ్చాయి. పడ్డాయి. మరో వారానికి కాస్త పెసరపప్పు. అదీ పడింది. ఉల్లిపాయ వేసిన రోజు మాత్రం సాయంత్రానికి దస్తగిరి మెలికలు తిరిగిపోయాడు. ఇక గంజే దిక్కని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఉల్లిపాయ వద్దంటా ఉంది, అంతే కదప్పా," అన్నాడు బాబా. "మిగతావి వద్దనలేదే."

ఇప్పుడు దస్తగిరికి అరవై దాటాయి. ఉల్లిపాయ ఇప్పటికీ పడదు. కంగారుపడిన రోజున కడుపు ఇప్పటికీ సతాయిస్తుంది. కానీ ఎక్కడైనా జీలకర్ర వేగిన వాసన తగిలితే చాలు, ఆ మధ్యాహ్నాలు కళ్లముందుకొస్తాయి. వసారాలో చల్లటి బండలు, అన్నం కలిపే బాబా ముడతల వేళ్లు, ఎవరికీ ఏ తొందరా లేకపోవడం.

అప్పట్లో, అట్లా ఒకే పళ్లెంలో తినడం మొదలై నాలుగు నెలలు గడిచాక, ఆశ్రమంలో వంట చేసే ప్యారీబీ అతనికొక సంగతి చెప్పింది. రాగిసంగటి, కారంగా నూరిన ఊరిమిండి పచ్చడి, నంజుకోను పచ్చి ఉల్లిపాయ లేనిదే బాబాకు ముద్ద దిగేది కాదట. ఈ నాలుగు నెలల్లో ఏ పూటా ఆయన వాటిని ముట్టలేదట.

దస్తగిరి వెళ్లి తలవంచుకుని నిలబడ్డాడు. "రోగం నాది కదా. మీరెందుకు పథ్యం చేసినారు బాబా?"

బాబా పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు.

"ఒంటిగా తింటే పథ్యమప్పా. ఇద్దరం తింటే అన్నం."