పేలని తుపాకి

ఉస్తాద్ బుడన్ సాహెబు సుంకన్న సలాం అందుకోవడం మానేశాడు. అతనికి అన్నం సయించకపోవడానికి కారణం అదే.

అప్పట్లో నల్లమల అంచున ఒక చిన్న సంస్థానం ఉండేది. దాని కోటకు తుపాకి కావలివాళ్లను తయారుచేసేది బుడన్ సాహెబే. ముసలివాడు, బక్కపలచటివాడు, మాటల్లో మహా పొదుపరి. కోట వెనక మట్టికట్ట కట్టి, దాని ముందు గురి నేర్పేవాడు. ఆ చోటును అందరూ చాందమారి అనేవాళ్లు. పొద్దున్నే శిష్యులు వరసగా వచ్చి సలాం చేస్తారు. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచుతాడు. ఆ తల వంచడం కోసమే కుర్రాళ్లు చలిలో కూడా పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఇప్పుడు సుంకన్న వంతు రాగానే ఆయన చూపు పక్కవాడి మీదికి వెళ్లిపోతోంది. ఉస్తాద్ సలాం అందుకోనివాడికి కోటలో తుపాకి ఇవ్వరు. అది అక్కడి కట్టుబాటు.

అందరిలోకీ గురి బాగా కుదిరింది సుంకన్నకే. ఇక మర్యాద సంగతా, అందులో లోపం వెతకడమంటే కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే. పెద్దలు పిలిస్తే కూర్చుని పలికేవాడు కాదు. వాళ్ల ముఖం చూడకుండా బదులిచ్చేవాడు కాదు. "పెద్దోళ్లకు వీపు చూపించి మాట్లాడేటోడు మనిషి కాదురా" అని చిన్నప్పుడు వాళ్ల నాయన ఆ వీపు మీదే రెండు వేసి మరీ నేర్పాడు.

జరిగింది ఇదీ. ముసురు పట్టిన ఒక పొద్దున సుంకన్న మట్టికట్టకు గురిపెట్టి మీట నొక్కాడు. తుపాకి చెవి అనే చిన్న బెజ్జం దగ్గర పోసిన మందు చుయ్యిమని వెలిగింది. లోపలి మందు అంటుకోలేదు. గుండు గొట్టంలోనే ఉండిపోయింది.

"ఏమైంది సుంకన్నా?" అని వెనకనుంచి ఉస్తాద్ అడిగాడు.

గురువు అడిగాడు కాబట్టి సుంకన్న గురువు వైపు తిరిగాడు. చేతిలో తుపాకి కూడా తిరిగింది. "పేలలేదు ఉస్తాద్" అని ఎంతో వినయంగా చెప్పాడు.

ఉస్తాద్ అరవలేదు. చేతికర్రతో గొట్టాన్ని మెల్లగా మట్టికట్ట వైపు తోశాడు. చాలాసేపు దాన్ని అలాగే ఉంచాడు. ఆ తర్వాత చెవిలో నీళ్లు పోసి, లోపలి మందు నాని ముద్దయ్యాకే గుండును బయటికి లాగాడు. తుపాకి పేలనే లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాటినుంచి సుంకన్న సలాం ఆయన కంటికి ఆనడం మానేసింది.

"నోరు తెరిచి తిట్టినాడంటే బతికిపోయినట్టేరా" అన్నాడు తోటి శిష్యుడు మద్దిలేటి. "తిట్టలేదు చూడు, అదే నాకు భయమైతాంది. పోయి అడుగు."

సుంకన్న వెతుక్కుంటూ వెళ్లేసరికి ఉస్తాద్ కోట కింది దర్గాలో ఉన్నాడు. ఉర్సు పండగ దగ్గర పడింది. గోడలకు సున్నం వేయిస్తున్నాడు. మద్దిలేటి అప్పటికే అక్కడ సున్నపు కుండ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉస్తాద్, తుపాకి పేలకపోవడం నా తప్పా? ముసురుకు మందు చెమ్మగిల్లింది."

"నీ తప్పు కాదు."

"మరి మీకు నేను చేసిన అమర్యాద ఏంది?"

"ఏమీ లేదు బేటా. నువ్వు మర్యాదే చేసినావు." ఉస్తాద్ పై గోడ చూపించాడు. "ఆ కొంచెం మిగిలింది. వెయ్యి."

పొడుగాటి వెదురు, దాని కొసకు కట్టిన జనపనార కుచ్చు. సుంకన్న దాన్ని సున్నంలో ముంచి గోడకు ఎత్తాడు. మనసులో బాధ పెట్టుకునే పనిచేస్తున్నాడు, అయినా చెయ్యి మాత్రం నీటుగానే సాగుతోంది.

"సుంకన్నా!"

"ఉస్తాద్!" అంటూ గిరుక్కున తిరిగాడు.

వెదురూ తిరిగింది. కొసన ఉన్న తడి సున్నం మద్దిలేటి రొమ్ము మీదుగా అడ్డంగా గీసుకుంటూ పోయింది. సరిగ్గా అప్పుడే ఉస్తాద్ కోడలు కాశింబీ పసివాణ్ణి చంకనేసుకుని మంచినీళ్ల చెంబుతో లోపలికి వచ్చింది. గీత ఆ పసివాడి మెడ దాకా సాగి ఆగింది. వాడు కెవ్వుమన్నాడు.

పసివాడు వస్తాడని ఉస్తాద్ కూడా అనుకోలేదు. ఆయన ముఖం పాలిపోయింది. చెంబులో నీళ్లతో తానే మనవడి మెడ కడిగి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

"చూసుకోలేదు ఉస్తాద్..." అన్నాడు సుంకన్న.

"నన్ను చూసినావు కదా" అన్నాడు ఉస్తాద్.

మద్దిలేటి రొమ్ము మీద సున్నం ఆరి, ఈ చివరినుంచి ఆ చివరికి తెల్లగా తేలింది. వెదురు కొస ఎక్కడెక్కడ తిరిగిందో సుంకన్న ఆ గీత వెంట చూశాడు. వెదురు కింద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

తర్వాత కూడా అతను రోజూ సలాం చేస్తూనే ఉన్నాడు. ఉస్తాద్ అందుకోలేదు. ఎందుకు అందుకోవట్లేదని సుంకన్న ఇంక అడగలేదు.

మళ్లీ ముసురు పట్టింది. వానలో గురి ఏం నేర్పుతాడులే అని శిష్యులు అనుకుంటుంటే, ఉస్తాద్ కబురు పెట్టి అందరినీ చాందమారికి పిలిపించాడు. సుంకన్నను ముందు నిలబెట్టాడు. మందు తానే అందించాడు. మిగతావాళ్లను బురుజు చాటుకు పొమ్మని చెయ్యి ఊపి, తానొక్కడే సుంకన్న వెనక నిలబడ్డాడు.

సుంకన్న మీట నొక్కాడు. చెవి దగ్గర మంట లేచి ఆరిపోయింది. గుండు బయటికి రాలేదు.

"సుంకన్నా!"

మెడ తిరగబోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి అలవాటు మరి. సుంకన్న పళ్లు బిగబట్టి మట్టికట్టనే చూస్తూ, "ఉస్తాద్!" అన్నాడు.

"ఏమైంది?"

"పేలలేదు."

"ఇటు తిరిగి చెప్పు."

"తిరగను ఉస్తాద్."

మద్దిలేటి బురుజు చాటునుంచి తొంగి చూశాడు. ఉస్తాద్ మాట కాదన్నవాణ్ణి ఆ కోటలో ఎవరూ చూడలేదు.

"గురువును నేను. ఎందుకు తిరగవు?"

"అది ఇంకా పేలలేదు ఉస్తాద్."

ఆ మాట నోట్లో ఉండగానే తుపాకి పేలింది. మట్టికట్టలో పెళ్ల లేచి పడింది. పొగ చినుకుల్లో కలిసి సుంకన్న ముఖాన్ని కమ్మేసింది. తిరిగి ఉంటే ఆ గుండు ఎక్కడ దిగేదో అతనికి తెలుసు. అప్పుడు కూడా తిరగలేదు. వంగి, గొట్టం మట్టికట్ట వైపే ఉండేలా తుపాకిని నేల మీద పడుకోబెట్టాడు. చేతులు ఖాళీ అయ్యాకే గురువు వైపు తిరిగాడు.

సలాం చెయ్యడానికి చెయ్యి ఎత్తబోయాడు. అప్పటికే బుడన్ సాహెబు గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి నిలబడి ఉన్నాడు.

"నీ సలాం ముట్టింది బేటా" అన్నాడు. "ఇందాకే ముట్టింది."