వ్యాను వెనక సీటు

దివాకరానికి పన్నెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆశ్రమం వ్యానుకి సైలెన్సర్ మార్చాలి. ఏది వేయించాలో తేలడం లేదు.

అది పద్దెనిమిదేళ్ళ బండి. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీలు పాడైన తొమ్మిది మందిని వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్‌కి తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపుతుంది. సముద్రపు గాలికి సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడింది. మెకానిక్ జోగారావు దాన్ని ఇనపతీగతో కట్టి, "ఆట్టే దినాలు ఆగదు బాబూ, మార్చీండి" అన్నాడు.

ఆ పని నిరంజనస్వామి దివాకరానికి అప్పగించారు. ఆశ్రమానికి రాకముందు అతను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవాడు. ఇదీ ఒక పనేనా అనుకున్నాడు. తీరా చూస్తే, ఆ బండికి కంపెనీ సరుకు రావడం మానేసి ఏళ్ళయింది. విశాఖలో పాత బళ్ళు విప్పేచోట ఒకటి దొరకొచ్చు, కానీ అది ఎన్నాళ్ళు వాడిందో ఎవరికెరుక? స్టీలుది తుప్పు పట్టదు, కానీ చెన్నై నుంచి రావాలి, వచ్చాక సరిగ్గా అమరుతుందో లేదో. జోగారావు తన షెడ్డులోనే చేసిస్తానంటాడు. మామూలు రేకు, మూడేళ్ళు వస్తే గొప్ప.

అడిగినవాళ్ళంతా తలో మాట చెప్పారు. పొద్దున స్టీలు ఖాయం అనుకుంటే, మధ్యాహ్నానికి విశాఖలో దొరికే పాతదే మేలనిపించేది.

చివరికి స్వామి దగ్గరికి వెళ్ళాడు. ఆయన చిక్కుడు పాదుకి నీళ్ళు పోస్తున్నారు.

"మీరే ఏదో ఒకటి చెప్పేయండి స్వామీ. నేను ఎంచింది తప్పయితే అందరి నోళ్ళలో పడాలి."

స్వామి చెంబు కింద పెట్టారు.

"రేపు బండి వెళ్తుంది కదూ?"

"వెళ్తుంది."

"నేనూ వస్తాను."

మర్నాడు దివాకరం ఎప్పటిలాగే డ్రైవరు పక్కన కూర్చున్నాడు, అతని పక్కన స్వామి. ఒక్కో ఊళ్ళో ఆగుతూ చివరికి నీలమ్మ ఇంటి ముందు ఆగారు. ఆమెది ఆఖరి ఊరు గనక, ఆమెకెప్పుడూ మిగిలేది వెనక సీటే.

స్వామి దిగి, "అమ్మా, నువ్వు ముందు కూర్చో" అన్నారు.

"అయ్యో, మీరు ఎనక్కెల్లడమేటి బాబూ!"

"కూర్చో తల్లీ."

ఆయన వెనక సీట్లోకి వెళ్ళి, పక్కన చోటు తట్టి దివాకరానికి చూపించారు. మూడేళ్ళుగా ఆ బండిలో తిరుగుతున్న దివాకరం అక్కడ కూర్చోవడం అదే మొదలు.

మైలు దాటేసరికి కళ్ళు మండాయి. రెండో మైలుకి తల దిమ్మెక్కింది. కిటికీ తీస్తే పొగ ఇంకా లోపలికే తన్నింది. స్వామి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ కూర్చున్నారు.

పలాసలో దిగగానే దివాకరం రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. నీలమ్మ తన సీసాలో నీళ్ళు అతని చేతిలో పోసింది.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మా ఇలా?"

"వానల ముందు కాడి నుంచి బాబూ. తడిగుడ్డ కట్టుకుంటే కొంత నయం."

"మరి చెప్పలేదేం?"

"ఊరికే తీసుకెల్తన్న బండికి వంక పెట్టకూడదని…"

దివాకరం పంచె ఎగ్గట్టి బండి కిందికి దూరాడు. పొగగొట్టం కొస విరిగిపోయి, సరిగ్గా వెనక సీటు కిందే ఆగిపోయింది. దానిపైన అడుగురేకులో బొటనవేలు పట్టేంత కన్నం.

డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. అతను బండిని తిన్నగా పలాసలోనే ఉన్న జోగారావు షెడ్డుకి పట్టించాడు. స్టీలా, రేకా అని అడగలేదు.

"జోగారావూ, గొట్టం బంపరు దాటి బయటికి రావాలి. అతుకుల్లోంచి చుక్క పొగ రాకూడదు. ఈ కన్నం మూసెయ్యాలి. వాళ్ళు తిరిగెక్కేలోపు అవుతుందా?"

"మూడు గంటలు సాలు బాబూ. ఈ ముక్క ఆ దినమే సెప్తే ఆ దినమే సేసిద్దును."

పని అయ్యాక దివాకరం ఇంజను నడిపించమని డ్రైవరుకి చెప్పి, తలుపులన్నీ మూసుకుని వెనక సీట్లో పది నిమిషాలు కూర్చున్నాడు. ఏ వాసనా లేదు. గుండెల మీంచి బండరాయి దింపినట్టు గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు.

తిరుగుప్రయాణంలో నీలమ్మ తన చోటే తనకి కావాలంది. బండి ఊరు దాటకముందే తల వాల్చి నిద్రపోయింది. మిగతావాళ్ళూ కునుకు తీస్తున్నారు.

దివాకరం గొంతు తగ్గించి అడిగాడు.

"స్వామీ, వెనక ఇలా ఉందని మీకు ముందే తెలుసా?"

"తెలీదు నాయనా" అన్నారు స్వామి. "తెలీదు గనకే వెళ్ళి కూర్చున్నాను."