కత్తి కింద కాగితం

విజయవాడ ఆటోనగర్‌లో మిషన్లు బాగుచేసే ఖాదర్ మాస్టారు దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నాక, అరుంధతికి మొదటిసారి ఒంటరిగా చేసే రిపేరు ఒకటి దక్కింది. నోటు పుస్తకాలు తయారుచేసే చోట కాగితం కోసే పెద్ద మిషను మాటిమాటికీ ఆగిపోతోంది. బడులు తెరవడానికి పది రోజులే ఉంది. ఈ పని గట్టెక్కిస్తే ఇకమీదట అన్నిచోట్లకీ తననే పంపుతారని ఆమె ఆశ.

మిషను మెదడంతా గోడవారనున్న ఇనుప పెట్టెలో ఉంది. అందులో బోర్డులు అలమరలో పుస్తకాల్లా నిలబడి ఉంటాయి. మొదటిది ప్రాసెసర్ బోర్డు, మిగతావి మోటారుకొకటి. అరగంటకోసారి ప్రాసెసర్ బోర్డు మీద ఎర్ర దీపం వెలిగేది, కత్తి ఉన్నచోటే నిలిచిపోయేది.

నాలుగు రోజులు అరుంధతి సరిగ్గా అన్నం కూడా తినలేదు. మెమరీ మార్చింది, బ్యాటరీ మార్చింది, పవర్ సప్లై మార్చింది. యజమాని గంటకోసారి వచ్చి నిట్టూర్చి వెళ్లేవాడు. తిట్టినా బాగుండేది.

ఐదో రోజు పొద్దున ఆమె ఒక వైరుముక్క తీసుకుని బోర్డు చివర రెండు స్క్రూల మధ్య బిగించింది. అంతే, మధ్యాహ్నం దాకా మిషను ఒక్కసారీ ఆగలేదు. ఇక ఆ సంబరం కడుపులో దాచుకోలేక మాస్టారుకి ఫోన్ చేసింది.

మాస్టారు టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని వచ్చారు. పెట్టె తలుపు తెరిచి, "బోర్డు చూపించమ్మా" అన్నారు.

పెళ్లిలో చుట్టాలను పరిచయం చేసినట్టు చెప్పుకుపోయింది అరుంధతి.

"ఇది ప్రాసెసర్, ఇది మెమరీ. కరెంటు పోయినా చెరిగిపోకుండా ఈ బ్యాటరీ. ఇక్కడ కంప్యూటర్ తగిలించుకోవచ్చు. వెనక ఈ పిన్నులతో మిగతా బోర్డులకి హుకుం వెళ్తుంది."

"మూలనున్నది?"

"వాచ్‌డాగ్ రిలే. నేను బాగానే ఉన్నానని ప్రాసెసర్ దానికి క్షణక్షణం చెబుతుండాలి. ఒక్కసారి చెప్పకపోయినా మోటార్లన్నిటికీ కరెంటు తీసేస్తుంది. ఆపడం తప్ప దానికి వేరే పనేం లేదు మాస్టారూ. అందుకే కరెంటు దాన్ని దాటిపోయేలా వైరు వేశాను."

"ఎర్ర దీపం వెలగట్లేదా ఇప్పుడు?"

"వెలుగుతోంది. మిషను మాత్రం ఆగట్లేదు."

మాస్టారు తలూపి, మిషను దగ్గర కూర్చున్న సుగుణమ్మ వైపు తిరిగారు. పదేళ్లుగా అక్కడ కాగితం కోసేది ఆవిడే.

"కాసేపు టీ తాగి రామ్మా."

ఆవిడ లేచాక ఆ స్టూలు మీద ఆయన కూర్చున్నారు. కాగితాల దొంతరను కత్తి కిందికి జరిపి, అంచులు సమంగా రావడానికి సుగుణమ్మ తట్టినట్టే రెండు చేతులతో తట్టారు. ఆ చేతులు అక్కడే ఉంచేశారు.

"నడుపమ్మా."

అరుంధతి వేలు పచ్చ బటన్ దాకా వెళ్లి ఆగింది.

"చేతులు తియ్యండి మాస్టారూ."

"ఎందుకూ? పొద్దుట్నుంచీ సుగుణమ్మ చేతులు ఇక్కడే ఉన్నాయిగా."

ప్రాసెసర్ తడబడి కత్తి దిగినా, దాన్ని ఆపేది ఇప్పుడేదీ లేదు. మెయిన్ స్విచ్ కట్టేసింది. వైరుముక్క పీకి జేబులో వేసుకుంది.

ఆయన చేతులు తీసుకుని, మూలకెళ్లి డబ్బా విప్పుకున్నారు. సాయం చెయ్యలేదు.

ఆమె నేలమీద బాసింపట్టు వేసుకుని బోర్డును మళ్లీ బయటికి లాగింది. ఈసారి మార్చడానికి కాదు, చూడడానికి. వెనక పిన్నుల మధ్య కాగితపు దుమ్ము పేరుకుని గట్టిపడి ఉంది. చెమ్మ పట్టినప్పుడల్లా ప్రాసెసర్ మాట తడబడేది. బ్రష్షుతో దులిపి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, బోర్డు బిగించింది. సాయంత్రం దాకా ఎర్ర దీపం వెలగలేదు.

మధ్యాహ్నం వాళ్ల మాటలు విన్న యజమాని నవ్వుతూ వచ్చాడు.

"హమ్మయ్య! నాలుగు రోజులు ఏడిపించింది ఆ రిలేనేగా? కొత్తది వేసెయ్యకపోయారా?"

అరుంధతి మాస్టారు వైపు చూసింది. ఆయన చేతులు కడుక్కుంటున్నారు.

"దాన్ని ముట్టుకోకండి" అంది ఆమె. "నాలుగు రోజులూ సరిగ్గా పనిచేసింది అదొక్కటే."

కత్తి కింద సుగుణమ్మ కాగితం తడుతోంది.