బావిలో తెల్ల వెంట్రుక

కాళ్లు ముడుచుకోండి, ఆ దుప్పటి ఇటు లాగండి. సుబ్బులూ, నువ్వు గోడవైపు పడుకో, లేకపోతే నిద్రలో తమ్ముణ్ణి తంతావు. ఇవాళ చెప్పేది నవ్వులాట కథ కాదు. మధ్యలో భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి గానీ, ఆపమని మాత్రం అడగొద్దు. సగంలో ఆపిన కథ కలలోకి వచ్చి మిగతా సగం అడుగుతుంది.

అనగనగా ఎర్రమట్టి నేలలో బండమీదపల్లె అని ఒక ఊరు. చుట్టూ బండలు, బండల నడుమ జొన్నచేలు. ఏరు లేదు, వాగు లేదు. ఊరందరికీ కలిపి ఒకే ఒక దిగుడుబావి. దానికి గిలకా లేదు, చేదా లేదు. డెబ్భై మెట్లు దిగాలి, మోకాళ్లలోతు నీళ్లలోకి పోవాలి, కడవ ముంచుకోవాలి, మళ్లీ డెబ్భై మెట్లు ఎక్కాలి. దిగేటప్పుడు కడవ చంకలో, ఎక్కేటప్పుడు కడవ నెత్తిమీద. మీరేమో కుళాయి దాకా పోవడానికి మూలుగుతారు.

ఆ ఊరికి మాఘమాసంలో ఒక కొత్తకోడలు వచ్చింది. పేరు సుంకమ్మ. మొగుడు ఓబన్న, అత్త లింగమ్మ. ఓబన్న ఎంత మంచివాడంటే, పెళ్లాం నీళ్లు మోసుకొస్తుంటే సగం దారిలో ఎదురెళ్లి కడవ అందుకునేవాడు. మగాళ్లు అరుగుల మీద కూర్చుని నవ్వేవాళ్లు. నవ్వుకోనీ అనేవాడు. ఆ పిల్ల కూడా సుఖంగానే ఉంది.

చైత్రం పోయింది, వైశాఖం వచ్చింది. బావిలో నీళ్లు అడుక్కి దిగాయి. అప్పుడు మొదలైంది. పక్కింటాయన మడమ మీద ఒక పొక్కు లేచింది. చిన్నదే, రేగ్గింజంత. కానీ మంట చూశారూ, పొయ్యిలోంచి నిప్పు తీసి పెట్టినట్టు మంట. ఓర్చుకోలేక కుంటుకుంటూ బావికి పోయి, కాలు నీళ్లలో పెట్టాడు. పెట్టగానే హాయి. పొక్కు చితికింది. అందులోంచి తెల్లగా, సన్నగా, నులకతాడు పోగులాంటిది తల బయటపెట్టింది.

అది పురుగు. నారిపురుగు అంటారు. రెండు మూరల పొడుగు. బతికున్న మనిషి కాల్లో, కండకీ తోలుకీ మధ్యన చుట్టుకుని పడుకుంటుంది.

ఊ కొడుతున్నారా? గొంతు సన్నమైందేం? దగ్గరికి జరగండి.

ఆయనకి, ఆయన తమ్ముడికి, తమ్ముడి పెళ్లానికి, ఎదురింటి ముసలాయనకి. ఇంటికొకరు కాదు, ఇంటికి ముగ్గురు. తొలకరి వాన పడే వేళకి దున్నేవాడు మంచంలో, విత్తేవాడు మంచంలో, కలుపు తీసేది మంచంలో. పడిన వాన ఇంకిపోయేది, చేను బీడుగా ఉండిపోయేది. కాల్లోది కాలు తింటుంటే, కాలు లేని చేను కడుపుని తినేది. ఆ ఊళ్ళో ప్రతి ఏడూ ఇదే వరస.

ఇదేంటి అత్తా అని సుంకమ్మ అడిగింది. లింగమ్మ చెప్పింది కదా, అది పురుగు కాదే, వెంట్రుక అని. గంగక్క అని ఒక తెల్లజుట్టు ముసలామె పదేళ్ల కింద ఆ బావిలో పడి చచ్చింది. దయ్యమైంది. ఏటేటా ఎండాకాలం తన వెంట్రుకలు పీకి జనం కాళ్లలో గుచ్చుతోంది. భూతవైద్యుడు బుక్కయ్య అంజనం వేసి మరీ చెప్పాడు. దానికి పరిహారం ఏమిటంటే, పొక్కు లేచినవాళ్లందరూ బావిలోకి దిగి, కాలు నీళ్లలో పెట్టి, తప్పయిపోయింది గంగక్కా అని మూడుసార్లు అనాలి.

"నీకు ఈ ఏడు రాదులే," అంది లింగమ్మ. "కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి ఏడు రాదు. దయ్యమైనా మర్యాద తెలిసిందే. పై ఏడు నీకూ వస్తుంది."

ఆ ఊళ్ళో ఎప్పుడూ రానిది ఒక్కరికే. గంగక్క కూతురు మాదక్క. ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండేది. చూశారా, తల్లి కూతుర్ని వదిలేసి మనల్ని పీడిస్తోంది అని ఊరంతా అదే మాట. బావి దగ్గర అందరూ ముంచుకున్నాక, చివర్న ముంచుకునేది మాదక్క. ఎవరూ పలకరించరు. పిల్లలు రాళ్లు విసిరితే పెద్దవాళ్లు వద్దనరు.

ఇక వినండి. జ్యేష్ఠంలో ఓబన్న పిక్కలో పొక్కు లేచింది. లింగమ్మే కొడుకుని చెయ్యిపట్టుకుని బావిలోకి దింపింది, తప్పయిపోయింది అనిపించింది. తెల్లగా తల బయటికొచ్చింది. బుక్కయ్య వచ్చి, దయ్యం వెంట్రుక మొదలంటా పీకేస్తే పీడ పోతుందని గుంజాడు. అది సగంలో తెగింది. తెగిన పురుగు లోపల చచ్చి కుళ్లింది. కాలు తొడదాకా వాచింది, నల్లబడింది, జ్వరం పట్టింది. తొమ్మిదోరోజు పొద్దున సుంకమ్మ గంజి తాగించబోతే నోరు తెరవలేదు.

అప్పటికి ఆ పిల్లకి మూడోనెల.

ఏడవకు నాన్నా. ఏడిస్తే మిగతా కథ వినపడదు.

కర్మకాండ అయ్యాక సుంకమ్మ ఎవరికీ చెప్పకుండా మాదక్క పాకకి పోయింది. గుమ్మంలో నిలబడి, అక్కా నీకెందుకు రాదు అని అడిగింది. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. పదేళ్లలో తనని అక్కా అని పిలిచినవాళ్లు లేరు. మాదక్క చాప పరిచి కూర్చోమంది.

"మా అమ్మ చావాలని దూకలేదు," అంది. "కాలు మంటకి దిగింది. పాచి మీద జారింది. నేను పైమెట్టు మీదే ఉన్నా. దిగేలోపల అయిపోయింది."

మరి నీళ్లు ఎలా తాగుతున్నావు అంది సుంకమ్మ. మాదక్క మూలనున్న కుండ చూపించింది. కుండ మూతికి పాత చీరముక్క నాలుగు మడతలు వేసి కట్టి ఉంది. అమ్మ పడిన నీళ్లు. అమ్మ వెంట్రుక ఒక్కటైనా గొంతులోకి పోతుందేమోనని తనకి భయం. అందుకని ఆ రోజునుంచీ వడకట్టకుండా చుక్క తాగలేదు.

సుంకమ్మ ఆ బట్ట విప్పి వెలుతురులోకి పట్టుకుంది. వెంట్రుకలు లేవు. గసగసాల కన్నా చిన్నవి, తెల్లటి నలుసులు, వందలు. తడి ఆరేదాకా చిటుక్కు చిటుక్కుమని ఎగురుతూనే ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ వీటిని కడవలకి కడవలు తాగుతున్నాం అనుకుంది. తాగింది కడుపులోకి పోతుంది, కడుపులోంచి కాల్లోకి పోతుంది కాబోలు అనుకుంది. ఆ సాయంత్రమే తన పెళ్లిచీర కొంగు చింపి కుండకి కట్టింది.

ఈలోపు ఊళ్ళోవాళ్లు రాజు దగ్గరికి పోయారు. పన్ను కట్టలేదేమని రాజు అడిగితే, పంట లేదు, పంటకి కాళ్లు లేవు, కాళ్లలో దయ్యముంది అన్నారు. బుక్కయ్య ముందుకొచ్చి, కూతుర్ని తల్లి దగ్గరికి పంపిస్తే తల్లి శాంతిస్తుంది అన్నాడు. పంపించడమంటే అర్థమైందా? బావిలో తొయ్యడం. రాజు చెడ్డవాడు కాదు, తొందరమనిషి. సరే అనబోయాడు. అప్పుడు సుంకమ్మ, మొగుడు పోయి నెల తిరగని మనిషి, సభలోకి వచ్చి నిలబడింది. ఒక్క ఏడాది గడువివ్వండి, పది ఇళ్లవాళ్లు నీళ్లు వడకట్టుకుని తాగుతారు, పై ఎండాకాలం ఆ ఇళ్లలో ఈ పీడ కనబడితే మాదక్కతోపాటు నన్నూ తోయండి అంది. రాజు ఆ పిల్ల కడుపు చూశాడు, తలొంచుకున్నాడు, ఏడాది అన్నాడు.

పది ఇళ్లు దొరకడానికే ఆ పిల్ల కాళ్లరిగాయి. లింగమ్మ అయితే కోడలితో మాట మానేసింది. నా కొడుకుని మింగినదాని కూతురితో నేస్తమా అని. మార్గశిరంలో సుంకమ్మకి ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది మాదక్కే.

మళ్లీ వైశాఖం వచ్చింది. పది ఇళ్లూ చూస్తున్నాయి, ఊరు చూస్తోంది. ఒకరోజు వడకట్టిన ఇంట్లో ఒకాయన చీలమండ మీద పొక్కు. మర్నాడు ఇంకో ఇంట్లో. ఆ మర్నాడు సుంకమ్మ బిడ్డకి పాలిస్తుంటే పాదం మీద నిప్పు పడ్డట్టయింది. చూసుకుంది. రేగ్గింజంత పొక్కు.

నిద్రపోయారా? లేదా? సరే, కష్టమైన చోటు ఇదే.

ఊరు ఊరంతా లేచింది. మాదక్కని పాకలోంచి ఈడ్చుకొచ్చారు, బావి దాకా లాక్కొచ్చారు. సుంకమ్మ కుంటుకుంటూ వాళ్లకంటే ముందు చేరింది. పైమెట్టు మీద అడ్డంగా కూర్చుంది, ఒళ్లో బిడ్డ.

"నేను మాఘంలో ఈ ఊరొచ్చాను," అంది. "ఆయన పోయేదాకా మీరు తాగిన నీళ్లే తాగాను. నిరుడు నాకు రాలేదు, ఇప్పుడొచ్చింది. ఇది వెంట్రుక కాదు, విత్తనం. నిరుడు తాగినది ఈ ఏడు మొలిచింది. ఈ ఏడు తాగింది పై ఏడు మొలుస్తుంది. దీన్ని బావిలో వేస్తున్నది గంగక్క కాదు, మనం. కాలు మండేది ఎందుకో తెలుసా, మనల్ని నీళ్ల దాకా నడిపించడానికి. నీళ్లు తగిలితేనే అది తల బయటపెడుతుంది, చూశారుగా. దానికి నీళ్లు కావాలి, నీళ్లలో దాని పిల్లల్ని వదలాలి. నేను ఇవ్వను."

పురుగు మంట పెడుతుంది, మంట కాలిని తోలుతుంది, కాలు నీళ్లలో దిగుతుంది, నీళ్లలో పిల్ల పడుతుంది, పిల్లని నలుసు మింగుతుంది, నలుసు కడవలోకి వస్తుంది, కడవ నోట్లో పోస్తుంది, నోరు కడుపుకి పంపుతుంది, కడుపు కాలికి పంపుతుంది, కాల్లో మళ్లీ పురుగు. ఎక్కడో ఒకచోట తెంపాలి కదా. సుంకమ్మ తన కాలి దగ్గర తెంపింది.

మాటలు ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మలేదు. ఎంతసేపు కూర్చుంటుందో చూద్దాం, మంటకి తనే దిగుతుంది, అప్పుడు ఇద్దర్నీ తోద్దాం అని బుక్కయ్య అన్నాడు. జనం ఎండలోనే కూర్చున్నారు. కింద నీళ్లు కనబడుతున్నాయి, చల్లగా. సుంకమ్మ పెదవి కొరుక్కుంది, పెదవి నుంచి నెత్తురొచ్చింది. బిడ్డ ఏడిస్తే పాలిచ్చింది. జాము గడిచింది, రెండు జాములు గడిచాయి. ఒకసారి తనకి తెలియకుండానే కాలు కింది మెట్టు మీదికి జారింది. చేత్తో పట్టుకుని పైకి లాక్కుంది.

అది చూసి జనంలోంచి లింగమ్మ లేచింది. ఆ ముసలామెకీ మోకాలి కింద పొక్కుంది, పొద్దున్నుంచీ ఓర్చుకుంటోంది. కొడుకుని తన చేత్తో ఈ నీళ్లలోకి దింపిన మనిషి. వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"నా కాలు కూడా దిగదు," అంది. అంతే అంది.

అప్పుడు మాదక్కని పట్టుకున్నవాళ్ల చేతులు వదులయ్యాయి. మాదక్క పరిగెత్తలేదు. కడవ తీసుకుని నీళ్లు ముంచుకొచ్చి, వాళ్లిద్దర్నీ బావికి దూరంగా ఇసుకలోకి నడిపించి, అక్కడ కాళ్ల మీద పోసింది. ఎండిన ఇసుక ఆ నీళ్లని అక్కడికక్కడే తాగేసింది. పురుగు తల బయటికొస్తే గుంజలేదు. చీపురుపుల్లకి చుట్టింది. రోజుకి రెండు వేళ్ల మందం. మళ్లీ మర్నాడు అంతే. ఇరవై మూడు రోజులు పట్టింది.

చూసినవాళ్లు ఒక్కొక్కరే ఆ ఇసుకలోకి వచ్చి కూర్చున్నారు. బుక్కయ్య కూడా వచ్చాడు చివరికి. అతనికి ఎడమకాల్లో ఒకటి, కుడికాల్లో రెండు. పాపం, తన మాట తను నమ్మినవాడే. మాదక్క అతనికీ పుల్ల చుట్టింది.

సంగతి రాజుకి తెలిసి, మెట్లు పూడ్పించి, చుట్టూ గోడ కట్టించి, గిలక పెట్టించాడు. ఇంక ఎవరూ దిగక్కర్లేదు. ఇంటింటికీ కుండమూతికి బట్ట వచ్చింది. పై ఏడు ఆ పది ఇళ్లలో ఎవరికీ రాలేదు, మిగతా ఇళ్లలో నిరుడు తాగినవాళ్లకే వచ్చింది. తర్వాతి ఏడు ముగ్గురికే వచ్చింది. ఆ పై ఏడు ఎవరికీ రాలేదు. తొలకరికి నాగళ్లు కదిలాయి, జొన్న నిలువెత్తు లేచింది, ఊరు కడుపునిండా తిన్నది. పెద్దలు మాదక్క గుమ్మంలో నిలబడి తప్పయిపోయిందమ్మా అన్నారు. ఆవిడ నీళ్లు కావాలా అని అడిగింది. వడకట్టి ఇచ్చింది. తర్వాత లింగమ్మ తనే పోయి ఆవిడ్ని ఇంటికి తెచ్చుకుంది. ముగ్గురాడవాళ్లూ ఒక పిల్లా, నవ్వుకుంటూనే బతికారు. ఓబన్న మాత్రం తిరిగి రాలేదు. కథల్లో కూడా రానివాళ్లు ఉంటారు.

సుంకమ్మ కూతురు పెద్దదై నీళ్లు మోసే ఈడుకొచ్చింది. ఒకరోజు కడవ దించి, ఇంత తేటగా ఉన్నాయి, ఎందుకమ్మా వడకట్టడం అంది. ముందు వడకట్టు, తర్వాత చెబుతా అంది సుంకమ్మ. వడకట్టాక పాదం మీద మచ్చ చూపించి అంతా చెప్పింది. మనిషి కాల్లో రెండు మూరల పురుగేమిటి, నన్ను భయపెట్టడానికి చెబుతున్నావు అని ఆ పిల్ల నవ్వేసింది. సుంకమ్మకి కోపం రాలేదు. నమ్మలేకపోతోందంటే, అది ఎంత దూరం పోయిందో అనుకుంది.

మీరూ అంతే. నమ్మినా నమ్మకపోయినా వడకట్టుకుని తాగండి. ఒకరికి పీడ రాలేదంటే వాళ్లమీద రాళ్లు వేయకండి, పోయి ఎలా బతుకుతున్నారో అడగండి. ఇంక కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. కళ్లు మూసుకోండి.