బూరెమ్మ తవ్విన గండి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పిల్లలకో బడి. బడిలో పాఠాలు చెప్పేది కొండముచ్చు పంతులుగారు. ఆయన కూడికలూ తీసివేతలూ చెప్పేవారు కాదు. పూర్వం ఆ అడవిలో బతికిన గొప్పవాళ్ల కథలు చెప్పేవారు. "వాళ్లెలా బతికారో తెలిస్తే, మనమెలా బతకాలో తెలుస్తుందర్రా!" అనేవారు.

ఆ బడిలో బూరెమ్మ అనే అడవిపంది పిల్ల ఉండేది. దానికి ఘనదంతుడి కథంటే ప్రాణం. ఘనదంతుడు వెనకటి కాలపు ఏనుగు రాజు. కరువొచ్చిన ఏడు, అడవిలో అందరూ తాగాకే తాను నీళ్లు తాగినవాడు.

"నేనూ అంత గొప్పదాన్నవుతాను!" అంది బూరెమ్మ.

మొదటిరోజు రెండు తామర కాడలు మూతికి కట్టుకుని, అవే దంతాలంది. జింకపిల్ల వచ్చి వాటిని కరకరా నమిలేసింది. రెండోరోజు ఏనుగులా నెత్తిన దుమ్ము పోసుకుంది. పొద్దుగూకేదాకా తుమ్ముతూనే ఉంది. మూడోరోజు ఏనుగులా ఠీవిగా, మెల్లమెల్లగా నడిచింది. అది చేరేసరికి బడి వదిలేశారు!

ఉసూరుమంటూ వెనక్కి తిరిగింది. దారిలో వాగుకి అడ్డంగా మట్టికట్ట ఉంది. వేసవిలో నీళ్ల కోసం అందరూ కలిసి పోసుకున్న కట్ట అది. దాన్ని ఎవరూ తవ్వకూడదని అడవిలో కట్టుబాటు. కానీ కట్ట మీద తుంగగడ్డల వాసన ఘుమఘుమలాడుతోంది. బూరెమ్మకు కడుపులో ఎలకలు పరిగెత్తుతున్నాయి.

"ఒక్క గడ్డే కదా!" అనుకుంది. మూతితో పెళ్లగించి తినేసింది. తర్వాత ఇంకోటి. తర్వాత మరోటి. మూడో గడ్డ ఊడిందో లేదో, బుడబుడమంటూ నీళ్లు! కట్టకు గండి పడింది. బూరెమ్మ హడలిపోయి ఒక్క పరుగున పొదలో దూరింది.

అడవికి పెద్ద అయిన అడవిదున్న వచ్చి బండరాయి అడ్డం దొర్లించేసరికి, సగం నీళ్లు పోనే పోయాయి. అందరూ అక్కడ చేరారు.

"బొరియలు తవ్వేది ఇంకెవరు? పీతాంబరమేగా!" అంది నక్క.

పీతాంబరం ముసలి ఎండ్రకాయ. "అయ్యా, నా బొరియ అవతలి ఒడ్డున ఉంది. నేను కట్ట జోలికే పోలేదు!" అని మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు.

"పొద్దుగూకేలోగా అడవి విడిచి పో!" అంది అడవిదున్న. పాపం, పీతాంబరం మనవలను ఒక్కొక్కరినే వీపు మీదికి ఎక్కించుకోసాగాడు.

పొదలోంచి ఇదంతా చూసిన బూరెమ్మకు ఏడుపొచ్చింది. గబగబా పంతులుగారి దగ్గరికి వెళ్లింది.

"పంతులుగారూ, ఘనదంతుడు ఎప్పుడైనా తప్పు చేశాడా?"

"చేశాడు. ఓసారి చూసుకోక పూరేడుపిట్ట గూడు తొక్కేశాడు."

"ఎవరైనా చూశారా?"

"ఎవ్వరూ చూడలేదు."

"మరి మీకెలా తెలిసింది?"

పంతులుగారు నవ్వారు. "తనే చెప్పాడు కనక తెలిసింది."

 బూరెమ్మ వెంటనే కట్ట దగ్గరికి పరుగుతీసింది. ఈసారి ఠీవీ లేదు, మెల్లనడకా లేదు. 

"తాతను పంపించకండి! గడ్డల కోసం కట్ట తవ్వింది నేనే!" అని అరిచింది.

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. నక్క తలొంచుకుంది. అడవిదున్న ముందుగా పీతాంబరానికి క్షమాపణ చెప్పి, ఆ తర్వాత బూరెమ్మ వైపు తిరిగింది. "గండి పూడేదాకా రోజూ మట్టి మొయ్యి!" అంది.

పీతాంబరం పటకారుల్లాంటి డెక్కలు పైకెత్తి బూరెమ్మ దగ్గరికి వచ్చాడు. గట్టిగా కరుస్తాడేమోనని అది కళ్లు మూసుకుంది.

"మట్టి ఊరికే పోస్తే నిలవదమ్మాయ్. తడిపి తొక్కాలి. పద, చూపిస్తా" అన్నాడు తాత.

మర్నాడు బడిలో పిల్లలంతా పంతులుగారిని చుట్టుముట్టారు. "ఇవాళ బూరెమ్మ కథ చెప్పండి!" అన్నారు.

పంతులుగారు కట్ట వైపు చూశారు. అక్కడ బూరెమ్మ ఒళ్లంతా బురదతో మట్టి తొక్కుతోంది. "అటు కాదు, ఇటు తొక్కు!" అని తాత కేకలేస్తున్నాడు.

"అప్పుడేనా?" అన్నారు పంతులుగారు. "ముందు ఆ గండి పూడనివ్వండర్రా!"

నీతి: గొప్పవాళ్ల వేషం ఎవరైనా వేయగలరు, చేసిన తప్పును వాళ్లలా ఒప్పుకుని దిద్దుకున్నవాళ్లే వాళ్ల బాటలో నడిచినట్టు.